కింది వరుసలో కెమిస్ట్రీ

క్రితం వారం మీరు నన్ను కుర్చీలోంచి సగం లేచి ఉండగా వదిలేసి వెళ్ళారు. తలుపు తెరుచుకుంది, లోపలికొచ్చిన మనిషిని చూసి లేవబోయాను. కూర్చోలేక, నిలబడలేక అక్కడ ఆగాను. వచ్చిందెవరో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. మా అక్క మొగుడు. ఊరికి కళ్ళ డాక్టరు, నాకు పదహారేళ్ళుగా కంట్లో నలుసు.

ఈ వారమే నా కథలోకి అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళతాను. పదో తరగతి దాటిన పిల్లలు ఆఖరి రెండేళ్ళూ చదివే అంతర్జాతీయ డిప్లొమాకి నేను ఈ స్కూల్లో కోఆర్డినేటర్ని. ఎవరు ఏ సబ్జెక్టులు తీసుకోవాలో తేలేది నా గదిలోనే. ఏది అడిగినా రెండు అరచేతులూ ఎత్తి "ఇటు తీసుకుంటే ఇదీ, అటు తీసుకుంటే అదీ" అని తూచి చెబుతానని పిల్లలు నాకు తక్కెడ మేడం అని పేరు పెట్టారు. నా వెనకాలే అంటారు, కానీ నాకు వినబడేంత దగ్గర్లో నిలబడి అంటారు.

పదహారేళ్ళ కిందట ఇదే చదువుకి, వేరే స్కూల్లో, నేను బల్లకి అవతలి వైపు కూర్చున్నాను. నాన్న పోయి ఏడాది తిరగలేదు. అమ్మ అంతకుముందే లేదు. పెద్దదిక్కుగా బావ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నాకు విమానాలు తయారుచేసే ఇంజనీరు కావాలని పిచ్చి. దానికి ఫిజిక్స్ కావాలి, గట్టి లెక్కలు కావాలి. అక్కకి అప్పుడే పాప పుట్టింది. అక్క రేడియోలో మధ్యాహ్నం వార్తలు చదివేది. స్కూల్లో ల్యాబులేమో మధ్యాహ్నాలే. ల్యాబులు లేని సబ్జెక్టులైతే నేను భోజనాల వేళకి ఇంటికొచ్చి పాపను ఎత్తుకోవచ్చు, అక్క ఉద్యోగానికి వెళ్ళొచ్చు, ఆయన కడుపులో చల్ల కదలకుండా క్లినిక్‌లో కూర్చోవచ్చు. ఆయన చూసుకున్నది సబ్జెక్టుల పట్టిక కాదు, టైం టేబులు.

"మా మరదలికి ఫిజిక్సంటే భయమండీ. లెక్కలు చూస్తే జ్వరమొస్తుంది" అన్నాడు, ముద్దుగా నవ్వుతూ.

నేను నోరు తెరిచాను. బల్ల కింద ఆయన బూటు వచ్చి నా కాలి వేళ్ళ మీద కూర్చుంది. తొక్కలేదు. ఊరికే కూర్చుని, నేను నోరు మూసేదాకా బరువు పెంచింది. ఆ రెండేళ్ళూ పొద్దున చరిత్ర, మధ్యాహ్నం పాలసీసా. విమానంతో నాకు మిగిలిన సంబంధం టిక్కెట్టు కొనుక్కుని ఎక్కడం ఒక్కటే.

ఆ పాపే ఇప్పుడు ఆయన వెనక నిలబడి ఉంది. ఎప్పుడూ నోరు తెరిచే ఉంచేదని దానికి పిచ్చుక అని పేరు పెట్టింది నేనే. అది బడికెళ్ళే వయసు రాగానే నేను ఆ ఇల్లు వదిలి వచ్చేశాను. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు చూస్తే నా భుజం దాటి పెరిగింది. నోరు మాత్రం గట్టిగా మూసుకుని ఉంది.

"ఓహో! మా మరదలు పిల్లేనా కోఆర్డినేటరు!" బావ రెండు చేతులూ చాచాడు. "ఇంకేం, మన పని అయిపోయినట్టే. అనవసరంగా టై కట్టుకొచ్చాను."

"కూర్చోండి డాక్టరుగారూ" అన్నాను.

"డాక్టరుగారేంటే! బావా అనడానికి నోరు నొప్పా?"

"ఆఫీసు వేళ కదా" అన్నాను, పూర్తిగా కూర్చుంటూ. "అక్క రాలేదా?"

"కింద కార్లో ఉంది. మెట్లెక్కలేనంది." కుర్చీ లాక్కుని కూతురి పక్కనే వేసుకుని కూర్చున్నాడు. "అయినా ఈ విషయాలు దానికేం తెలుస్తాయి. నేనున్నాగా."

నేనున్నాగా. ఆ మాట విని నాకు ఒళ్ళు మండిందని రాస్తే అబద్ధమవుతుంది. నిజం చెప్పాలంటే చల్లగా అనిపించింది. ఇన్నేళ్ళుగా మనసులో నేను నూరుతూ వచ్చిన కత్తికి మెడ తనంతట తానే నడిచి వచ్చింది. కాకపోతే కత్తి ఎక్కడ దించాలో ఇంకా తెలీలేదు. అది కూడా ఆయనే చూపించాడు, పాపం.

నా గదిలో గోడకి ఒక చెక్క పలక ఉంది. దానికి రెండు వరుసల మేకులు, వరుసకి మూడు. పక్కన గిన్నెలో సబ్జెక్టుల పేర్లు చెక్కిన బిళ్ళలు. పై వరుసలో తగిలించినవి హయ్యర్, అంటే లోతుగా చదివేవి. కింది వరుసలోవి స్టాండర్డ్, అంటే మామూలుగా చదివేవి. ఏ పిల్ల బిళ్ళలు ఆ పిల్లే తన చేత్తో తగిలించాలి. తగిలించాక ఎందుకో తన నోటితో చెప్పాలి. నాకు ముందున్న కోఆర్డినేటర్ పెట్టిన పద్ధతి ఇది. నేను వచ్చాక ఒక్కటే చేర్చాను: మాటలు సగానికి వచ్చాక, రెండో సగం తల్లిదండ్రులు బయట కూర్చోవాలి. ఎందుకు చేర్చానో మీకు చెప్పక్కర్లేదు.

"మొదలుపెట్టమ్మా" అన్నాను పిచ్చుకతో.

పిచ్చుక లేవబోయింది. అంతకంటే ముందు బావ లేచాడు. గిన్నెలో చెయ్యి పెట్టి కలియబెట్టి, మందుల షాపులో సొంత అరలోంచి తీసుకున్నంత ధీమాగా బిళ్ళలు తీసి తగిలించడం మొదలెట్టాడు. "బయాలజీ పైన. అది లేకపోతే డాక్టరేంటి! ఇంగ్లీషు పైన, దానికి బాగా వచ్చు. మూడోది... ఆఁ, సైకాలజీ. అందులో మార్కులు బాగా వస్తాయటగా? ఇక లెక్కలు కింద, రెండో భాష కింద." చివరి బిళ్ళ చేతిలో ఆడించాడు. "కెమిస్ట్రీ. ఇది కూడా కింద."

టక్‌మని తగిలించాడు.

అదే ఆయన చేసిన పొరపాటు. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళకి చెబుతున్నాను: ఈ డిప్లొమా చదివి డాక్టరు కావాలంటే కెమిస్ట్రీ పై వరుసలో ఉండాలి. పిచ్చుకని ఆయన పంపాలనుకుంటున్న కాలేజీలన్నీ అదే అడుగుతాయి. కింది వరుస కెమిస్ట్రీ ఉన్న దరఖాస్తును తెరిచి కూడా చూడవు. ఆయన చదివిన రోజుల్లో కెమిస్ట్రీ అంటే కెమిస్ట్రీ. దానికి పై అంతస్తు, కింది అంతస్తు ఉండేవి కావు.

"కెమిస్ట్రీ కిందేనా?" అన్నాను.

"మా క్లబ్బులో చెవి డాక్టరు లేడూ, ఆయన చెప్పాడు. కెమిస్ట్రీ పైన పెడితే మార్కులు చచ్చినా రావట. కింద పెడితే వెన్నలా జారిపోతుందట. చివరికి మార్కులే కదా చూసేది!"

"ఆలోచించుకున్నారా?"

"నేను ఆలోచించకుండా చేస్తానా!"

"అయితే ఖాయమేనా?"

"రాసిపెట్టుకో" అన్నాడు.

కాగల కార్యం గంధర్వులే తీర్చారు. నేను వేలు కూడా కదపక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. రెండేళ్ళు ఊరంతా కాబోయే డాక్టరు తండ్రినని తిరుగుతాడు. క్లినిక్ బోర్డు మీద కూతురి పేరుకి ఇప్పటికే చోటు వదిలించి ఉంటాడు, ఆయన సంగతి నాకు తెలుసు. అప్పుడు ఒక్కో కాలేజీ తలుపూ ఆయన ముక్కు మీద మూసుకుంటుంది. ఎందుకని అడిగితే, మీ చేత్తో మీరే తగిలించారు కదా అంటాను. నోరు మూసుకోవడం నాకు నేర్పిందాయనే. గురువు నేర్పిన విద్య గురువు మీదే ప్రయోగించడంలో ఉన్న రుచి మీలో ఎంతమందికి తెలుసో గానీ, నా నాలుక మీద మాత్రం అప్పుడు తేనె ఊరింది. పిచ్చుక వైపు మాత్రం చూడలేదు. చూస్తే తేనె చేదెక్కుతుందని భయం.

కానీ పద్ధతి ప్రకారం అడగాలి కదా. గోడ వైపు చూస్తూనే అడిగాను. "నువ్వేమంటావమ్మా? ఇవన్నీ ఎందుకో నీ మాటల్లో చెప్పు."

"అదేం చెబుతుంది!" బావ మళ్ళీ వచ్చి కూర్చున్నాడు, ముద్దుగా నవ్వాడు. "మా అమ్మాయికి కెమిస్ట్రీ అంటే భయం. ప్రయోగాలంటే జ్వరమొస్తుంది."

ఆ నవ్వు, ఆ వాక్యం. పేరు మార్చి మళ్ళీ వాడుతున్నాడు. అప్పుడు తలతిప్పి పిచ్చుకని చూశాను. అది నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఆగిపోయింది. దాని చూపు గబుక్కున బల్ల కిందికి వెళ్ళి, మళ్ళీ పైకొచ్చింది. నోరు మూసుకుంది.

నేను వంగి చూడలేదు. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? నా కాలి వేళ్ళు నా చెప్పుల్లో ముడుచుకుపోయాయి.

"బావా" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. "హమ్మయ్య! నోరు తిరిగిందన్నమాట!"

"మీ బూటు దాని కాలి మీంచి తియ్యండి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన గబుక్కున కాళ్ళు రెండూ కుర్చీ కిందికి లాక్కున్నాడు. తరవాత, లాక్కున్నందుకు కోపం వచ్చింది.

"ఏం మాటలే అవి! తగిలిందేమో పొరపాటున."

"పదహారేళ్ళ కిందట కూడా పొరపాటునే తగిలిందా? అప్పుడూ ఇదే నవ్వు, ఇదే జ్వరం. అప్పుడు ఫిజిక్సు, ఇప్పుడు కెమిస్ట్రీ. కనీసం రోగమైనా మార్చి చెప్పాల్సింది, డాక్టరు కదా!"

ఆయన కూతురి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "అదా నీ కడుపులో ఉన్నది. ఇన్నేళ్ళూ మా గుమ్మం తొక్కకుండా కూర్చుంది అందుకా? ఆ రెండేళ్ళూ నీకు తిండి పెట్టిందెవరే?"

"ఆ రెండేళ్ళూ మీ పిల్లకి పాలు పట్టిందెవరు?"

"చదివించలేదా నిన్ను? గాలికొదిలేశానా? ఇదిగో, ఇంత కుర్చీలో కూర్చున్నావు. నీకేం తక్కువైంది?"

ఈ ప్రశ్న ఆయన ఎన్నాళ్ళ నుంచో సిద్ధం చేసుకుని ఉంటాడని నాకు అనుమానం. నేనూ జవాబు సిద్ధం చేసుకున్నాను, రాత్రిళ్ళు, పక్క మీద, బస్సుల్లో, క్లాసుల మధ్య. గొప్ప గొప్ప వాక్యాలు. తీరా నోరు తెరిస్తే ఒక్కటీ రాలేదు. వచ్చింది ఇంతే.

"నన్ను అడగలేదు బావా. నా ఎదురుగానే కూర్చుని, నన్ను అడగలేదు."

ఆయన టై సర్దుకున్నాడు.

"ఇక రెండో సగం" అన్నాను. "బయట బల్ల ఉంది, కూర్చోండి."

"నేను తండ్రిని!"

"అందుకే బయట. తండ్రి కానివాళ్ళనైతే గేటు దగ్గరే ఆపుతారు."

లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగి, పలక వైపు వేలు చూపించాడు. "బిళ్ళలు అక్కణ్ణుంచి కదిలితే మర్యాదగా ఉండదు. కెమిస్ట్రీ కిందే ఉండాలి. ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను."

ఆ తలుపు మూసుకున్నప్పుడు నాకు పకపకా నవ్వాలనిపించింది. ఉరితాడు కదిలితే ఊరుకోనని బెదిరించి పోయాడు మహానుభావుడు.

కానీ నవ్వు రాలేదు. పిచ్చుక బల్ల కింద ఒక కాలితో ఇంకో కాలి వేళ్ళు రుద్దుకుంటోంది. నేను ఆ రోజు ఇంటికెళ్ళేదాకా బస్సులో అలాగే రుద్దుకున్నాను. ఈ తాడు ఆయన మెడకి పడాలంటే ముందు దీని మెడ మీదుగా పోవాలి. నేను ఎత్తుకుని తిప్పిన మెడ అది. పాలు కక్కితే నా ఓణీతో తుడిచిన మెడ. ఛీ, అనుకున్నాను. నా పగకి ఇంకో దారి వెతుక్కుంటాను. లేచి పలక దగ్గరికెళ్ళి, కింది వరుసలోంచి కెమిస్ట్రీ బిళ్ళ తీశాను. పైకి మార్చబోయాను.

"వద్దు పిన్నీ."

పదేళ్ళ తరవాత అది నన్ను పిలిచిన మొదటి పిలుపు. గొంతు అచ్చు మా అక్క గొంతు, వార్తలు చదివే గొంతు.

"కింద ఉంటే నువ్వు డాక్టరు కాలేవే. నీకు తెలీదు. చెవి డాక్టరు ఏదో వాగాడు..."

"తెలుసు" అంది. "అందుకే కిందుంచు."

బిళ్ళ నా చేతిలోనే ఉండిపోయింది.

"ఆ మాట చెవి డాక్టరు చెవిన వేసింది ఎవరనుకున్నావు? వాళ్ళావిడ మా క్లినిక్‌కి అద్దాలు మార్పించుకోవడానికి వస్తుంది. కెమిస్ట్రీ కింద పెడితేనే మార్కులని అమ్మే ఆవిడతో అంది. ఆవిడ మొగుడితో అంటుందనీ, ఆయన నాన్నతో అంటాడనీ అమ్మకి తెలుసు. అమ్మ చెబితే నాన్న వినడు. క్లబ్బులో ఎవడైనా చెబితే వేదం."

"అక్కా?" అన్నాను. నోట్లో నాలుక లేని మా అక్క!

"అమ్మ ఇప్పుడు రేడియోలో లేదు పిన్నీ. నువ్వెళ్ళిపోయిన ఏడాదే నాన్న మానిపించాడు. క్లినిక్‌లో కూర్చుని టోకెన్ నంబర్లు చదువుతుంది. వార్తలు చదివినట్టే చదువుతుంది, స్పష్టంగా."

నేను గోడకి ఆనుకున్నాను. నా రెండేళ్ళు తీసుకుని అక్కకి మిగిల్చిన ఉద్యోగం అది. దాన్ని కూడా తీసేసుకున్నాడు. నా పగ ఒక్కసారిగా రెండింతలైంది. అయినా అందులో తియ్యదనం పోయింది, ఎందుకో తెలీదు.

"క్లినిక్ పేరు మార్చబోతున్నాడు" పిచ్చుక చెప్పుకుపోతోంది. "డాక్టర్ అండ్ డాటర్ అట. అందరికీ చెప్పుకున్నాడు. రెండేళ్ళ తరవాత అందరి ముందూ పరువు పోవాలి. అమ్మ అంది, పైన గదిలో పిన్ని ఉంటుంది, కనిపెట్టేస్తుంది, కానీ నోరు మెదపదు, ఆయనంటే దానికి నాకంటే ఎక్కువ కోపం అని."

అక్క నన్ను బాగానే చదివింది. కాసేపటి క్రితం దాకా ఆ మాట అక్షరాలా నిజం. దొంగతనం చేద్దామని కన్నం వేస్తే లోపల ముందే ఇంకో దొంగ కూర్చుని ఉన్నట్టుంది నా పరిస్థితి.

"సరే" అన్నాను మెల్లగా. "మీ అమ్మకి కావలసింది తెలిసింది. మీ నాన్నకి కావలసింది పలక మీదే ఉంది. నాకేం కావాలో నీకూ తెలిసిపోయింది. మరి నీకేం కావాలే?"

"నాన్న ఓడిపోవాలి."

"అది మీ అమ్మ మాట, నా మాట. పిచ్చుక మాట చెప్పు."

నోరు తెరిచింది. ఈసారి బల్ల కింద బూటు లేదు. అయినా మాట రాలేదు. పలక వైపు చూసింది, గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. దాని కళ్ళు నిండాయి గానీ కారలేదు.

"నన్నెవరూ..." అని ఆగిపోయింది.

మిగతాది నాకు తెలుసు. నేను ఇందాకే దాని తండ్రితో అన్న వాక్యం అది. ముద్దుగా నవ్వలేదు, కాలు తొక్కలేదు, కానీ నేనూ అక్కా ఆ పలక మీద మా బిళ్ళలే తగిలించుకున్నాం. పలక మీది బిళ్ళలు ఒక్కొక్కటే తీసి గిన్నెలో పడేశాను. మేకులు ఖాళీ అయ్యాయి.

"డాక్టరు కావాలంటే ఏది ఎక్కడుండాలో చెబుతాను. వద్దనుకుంటే ఇంకేమేం ఉన్నాయో అవీ చెబుతాను. ఇటు ఇదీ, అటు అదీ. అంతవరకే నా పని. తగిలించేది నువ్వు."

చెప్పాను. ఏదీ దాచలేదు. అది కదలకుండా విని, లేచి పలక దగ్గరికొచ్చింది. గిన్నెలో చెయ్యి పెట్టి ఒక్కో బిళ్ళా చూసి పక్కన పెట్టింది. చివరికి గిన్నె ఖాళీ చేసి, నా వైపు అరచెయ్యి చాపింది.

"కెమిస్ట్రీ నీ దగ్గరుంది పిన్నీ."

చూసుకుంటే నిజమే. ఆ బిళ్ళ ఇందాకట్నుంచీ నా పిడికిట్లోనే ఉంది. అంచులు అరచేతిలో దిగిపోయాయి.

"ఎక్కడ పెడతావే?" అన్నాను.

అది జవాబు చెప్పేలోగా తలుపు తెరుచుకుంది. తట్టలేదు ఎవరూ. బావ గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన భుజం వెనక, మెట్లెక్కిన ఆయాసంతో, మా అక్క. పదేళ్ళకి చూస్తున్నాను. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది, చాలా చిన్నగా. చెప్పకు, అని.

"ఖాళీ చేసేశారేంటి!" బావ గొంతు లేచింది. "నా కెమిస్ట్రీ ఏది?"

ముగ్గురూ నా పిడికిలి వైపే చూస్తున్నారు. దాన్ని విప్పితే ఈ పగలో నా వాటా నా చేతిలోంచి పోతుందని నాకు తెలుసు. పిచ్చుక చాపిన చెయ్యి దించలేదు.

విప్పాను.

పిచ్చుక ఆ బిళ్ళ తీసుకుంది. తండ్రి వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూసింది. ఇద్దరి ముందూ, నోరు తెరిచి, పలక వైపు చెయ్యెత్తింది.